అబ్యూజ్ అన్న మాటకు నేను రాసిన అర్థం

అధ్యక్షస్థానంలో ఉన్న ప్రధాన సంపాదకులకు, నన్ను ఇన్నాళ్ళూ భరించిన పెద్దలకు, ఇంకాసేపు భరించబోతున్న మిత్రులకు, మొదటి వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

నా ఈ వీడ్కోలు సభలో ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా నన్ను ఆకాశానికెత్తేశారు. కాదనను. ఈ నిఘంటువు ఆఫీసులో కార్డుల బీరువాల మధ్య, కిటికీ పక్క బల్ల దగ్గర ముప్పై మూడేళ్ళు కూర్చుని ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాశాను. బాగా రాశాను, ఆ సంగతి నాకూ తెలుసు. వెనకాల మీరంతా నన్ను లాటిన్ బాబాయ్ అంటారనీ తెలుసు. ప్రూఫులు దిద్దే అమ్మాయీ, నువ్వేం తల దించుకోనక్కర్లేదు, ఆ పేరు నాకిష్టమే. (నవ్వులు)

ఆ బాబాయ్ ఎంత గొప్పవాడో ఒక్క మాటతో చెబుతాను. 'అబ్యూజ్' నా వంతుకొచ్చిన రోజు నాకు నేల మీద కాలు నిలవలేదు. లాటిన్‌లో 'అబ్' అంటే దూరంగా, 'ఊతీ' అంటే వాడుకోవడం. రెండూ కలిస్తే, వాడాల్సిన తీరు తప్పి వాడడం, అయిపోయేదాకా వాడేయడం. ఫ్రెంచివాళ్ళ నోట నాని అది ఇంగ్లీషులోకి వచ్చింది. రోమన్ న్యాయం చదువుకున్న పండితులు సొత్తు గురించి చెబుతూ, సొంతదారుకు దాన్ని వాడుకునే హక్కు, దాని ఫలం అనుభవించే హక్కు, ఇష్టమైతే దాన్ని రూపుమాపే హక్కు కూడా ఉంటాయన్నారు. ఆ మూడోదాని పేరు 'అబ్యూసుస్'. ఇదంతా కార్డు మీద పదకొండు వరుసలు రాసి మురిసిపోయాను. అర్థం మాత్రం మూడు ముక్కల్లో తేల్చేశాను: తిట్టడం, దూషించడం, దుర్వినియోగం. అధికారాన్ని అబ్యూజ్ చేసినా, మత్తుమందుని చేసినా ఆ దుర్వినియోగమే సరిపోతుందిలే అనుకున్నాను.

పుస్తకం వచ్చిన రెండేళ్ళకు ఒకావిడ మన ఆఫీసుకొచ్చింది. బట్టలు కుట్టుకునే మనిషి. సంచిలోంచి మన నిఘంటువు తీసి, "ఇది రాసిందెవరండీ?" అంది. పొగడడానికొచ్చిందనుకుని చొక్కా సర్దుకుని, "నేనేనమ్మా" అన్నాను.

భర్త నుంచి రక్షణ కావాలని ఆవిడ కోర్టుకెళ్ళిందట. వకీలు ఇంగ్లీషులో రాసిన అర్జీలో 'అబ్యూజ్' అని ఉంది. కోర్టు అనువాదకుడు మన పుస్తకం తెరిచి, మొదటి అర్థం చూసి, "మీ ఆయన మిమ్మల్ని తిట్టేవాడా?" అని అడిగాడట.

"లేదన్నానండీ," అంది. "ఆయన నోట ఒక్క తిట్టు రాదు. బయట గొళ్ళెం పెట్టి పనికెళ్ళేవాడు. మంచినీళ్ళు కూడా అడిగి తాగాలి. చెయ్యి వెనక్కి మెలితిప్పి, గొంతు పెంచకుండా, నువ్వు నాదానివి, నా ఇష్టం అనేవాడు. అవన్నీ అడుగుతారని చూశాను. ఎవరూ అడగలేదు. తిట్టలేదని నేనే ఒప్పుకున్నానని కేసు కొట్టేశారు. అప్పీలుకి ఇంకా పన్నెండు రోజులే గడువుంది. అదీ పోతే ఆయన మా అన్నయ్య ఇంటికొచ్చి నన్ను తీసుకుపోతాడు, అడ్డుపడడం తనవల్ల కాదని అన్నయ్య చెప్పేశాడు."

నా పదకొండు వరుసల్లో ఆవిడ భర్త ఉన్నాడు, సొత్తును రూపుమాపే హక్కుతో సహా ఉన్నాడు. నా మూడు ముక్కల అర్థంలో ఆవిడ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కొత్తగా చేరినవాళ్ళకు మన ఆఫీసు ఆచారం ఒకటి తెలియకపోవచ్చు. మన పుస్తకంలో అర్థం సరిగ్గా రాసినవాడి పేరు ఎక్కడా వేయరు. తప్పు రాస్తే మాత్రం సవరణ చీటీ వేసి, దాని మీద రాసినవాడి పేరు పూర్తిగా అచ్చేస్తారు. అతనే గ్రంథాలయాలన్నీ తిరిగి ఆ చీటీని తన చేత్తో అంటించాలి. అందుకే మేమంతా ప్రతి తప్పునూ ముద్రణ దోషం కింద తోసేసి బతికిపోయేవాళ్ళం. అప్పటి ప్రధాన సంపాదకులు, మేం ఎర్రసిరా అని పిలుచుకునే పెద్దాయన, నా మీద ప్రేమతో అదే దారి చూపించారు.

"ముద్రణ దోషమని వేద్దామయ్యా. నీ పరువు దక్కుతుంది."

వెంటనే వద్దన్నానంటే అబద్ధం. మధ్యాహ్నం దాకా ఆయన గది ముందు తచ్చాడాను. చివరికి లోపలికెళ్ళి, "అచ్చుపని వాళ్ళ మీద తోస్తే కోర్టు నమ్మదండీ. నా పేరే వేయండి" అన్నాను.

"ఆలోచించుకో. ఈ పుస్తకంలో నీ పేరు పడేది ఈ ఒక్కచోటే."

"పడనివ్వండి."

ఆ చీటీలో ఇలా రాశాను: ఒక మనిషిని తన సొత్తుగా చూస్తూ, ఒంటినిగానీ మనసునుగానీ హింసించడం; ఇది ఒక్క తిట్టు లేకుండా కూడా జరుగుతుంది.

అది పట్టుకుని అప్పీలులో సాక్ష్యం చెప్పాను. అవతలి వకీలు, "అయితే మీకు ఇంగ్లీషు రాదన్నమాట" అన్నాడు. "లాటిన్ వచ్చండీ, ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను" అన్నాను. (నవ్వులు) జడ్జిగారు నవ్వలేదు. చీటీ రెండుసార్లు చదివి, ఆవిడని మళ్ళీ పిలిపించి, ఈసారి సరైన ప్రశ్న అడిగించారు. ఆవిడకు రక్షణ దొరికింది. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాల్సిన అవసరం రాలేదు.

తర్వాత ఎనిమిది నెలలపాటు ఆదివారాలన్నీ రెండు వందల పన్నెండు గ్రంథాలయాలు తిరిగి చీటీలు అంటించాను. జిగురు కలిపిచ్చింది ఇదిగో, గడియారం చూస్తున్న ఈవిడే. నా ఉద్యోగం మొత్తంలో నాకు గర్వంగా ఉన్న పని అదే, దాచుకోకుండా చెబుతున్నాను.

ఈ సభ పెట్టినవాళ్ళకు, వచ్చినవాళ్ళకు, నా రాతను చదవగలిగిన అక్షరాలు కూర్చేవాళ్ళకు కృతజ్ఞతలు. నాకిచ్చిన సమయంలో ఇంకా అయిదు నిమిషాలుంది. ఆ బట్టలు కుట్టే ఆవిడ ఈ హాల్లోనే, వెనక తలుపు దగ్గర కూర్చుంది. ఈ కథ చెప్పమన్నదీ, తనకూ రెండు మాటలు మాట్లాడాలనుందని పొద్దున ఫోన్ చేసిందీ ఆవిడే. ఆవిడకు జరిగింది వకీలు ఇంగ్లీషులో రాశాడు, అనువాదకుడు నా తెలుగులో అడిగాడు, ఇవాళ మళ్ళీ నేనే చెప్పేశాను.

అమ్మా, ముందుకు రండి. మైకు మీది, ఎవరూ తర్జుమా చెయ్యరు. నేను కింద కూర్చుని వింటాను. నాకు సెలవు.