కుట్టేసిన తెర

హలో… ఆ, నేనే. మ్యాక్సీన్‌నే. ఈ ఇంట్లో ఇంకెవరున్నారు, పిల్లి ఎత్తుతుందా ఫోను?…

ఓ, డ్వేనా! కమిటీ కార్యదర్శిగారే స్వయంగా! ఏంటి నాయనా, పొద్దున్నే అలా రొప్పుతున్నావు?…

తెర తెరుచుకోవట్లేదా?… అయ్యయ్యో. తాడు గట్టిగా లాగి చూశావా?… మేయర్ కూడా లాగాడా? పాపం, ఆయన నడుము అసలే అంతంత మాత్రం—

నవ్వట్లేదు. దగ్గు.

ఆ… అవును, నేనే కుట్టాను. మీరే కదా వచ్చి అడిగారు, “మిస్ మ్యాక్సీన్, చంద్రుడి మీదికెళ్ళిన సూట్లు కుట్టిన చేతులు మీవి, మన ఇత్తడి పలక మీదికి ఓ తెర కుట్టిపెట్టండి” అని. కుట్టాను. వెనక గుడ్డతో కలిపి, నాలుగు వైపులా.

పొరపాటా?… నా కుట్టులో పొరపాటా! డ్వేన్, నీకు డైపర్లు మార్చిన చేతులివి. మర్యాదగా మాట్లాడు.

కత్తెరా?… పెట్టు, పెట్టు. అది మేయర్‌గారి అమ్మగారి మఖ్మల్ తెర. ఒక్క చీలిక పడిందంటే ఆవిడ నిన్ను బతకనివ్వదు… ఏంటి, గోళ్ళతో విప్పుతావా? చంద్రుడి మీద గాలి పోకుండా ఆపిన కుట్టురా అది!

…అవును. కావాలనే.

డెలవేర్ రాష్ట్రం మొత్తంలో ఇంత మొండిదాన్ని చూడలేదా? చూడు మరి.

ఎందుకేంటి? మనిషి చంద్రుడి మీద కాలుపెట్టి రేపటికి యాభై ఏళ్ళు. ఊరంతా ఫైర్ స్టేషన్ హాల్లో కోడికూర, డంప్లింగులు తిని, పీచ్ పళ్ళ ‘పై’ తిని, మీ పలక చూడ్డానికొస్తారు. తెర తీస్తే ఏముంటుంది? సూట్లు కుట్టిన మన ఊరి ఆడవాళ్ళ పేర్లు, ఆరు. ఏడో పేరు ఏదీ?… వెర్నా పేరు ఏదీ అంటున్నా!

తెలుసు, పేర్లు మా కుట్టు ఫ్యాక్టరీ పాత కాగితాల్లోంచి తీశారని. ఏముంది అందులో?… ఆ, “సూది వదిలినందుకు సూట్ల పని నుంచి తొలగింపు”. చదవడం బాగానే వచ్చు నీకు.

ఆ సూదుల సంగతి ఎవరైనా చెప్పారా నీకు?… మాకు ఒక్కొక్కరికీ ఒక్కో రంగు తల ఉన్న గుండుసూదులు ఇచ్చేవాళ్ళు. నావి నీలం, వెర్నావి ఆకుపచ్చ. సూటు పొరల్లో సూది మర్చిపోతే రంగు చూసి మనిషిని పట్టేవాళ్ళు. సరదాకి కాదు… ఒక్క చిల్లు పడితే పైన ఆ మనిషి బతకడు. ఒకరోజు సూటుకి తీసిన ఎక్స్‌రేలో సూది కనిపించింది. విప్పి చూస్తే ఆకుపచ్చ తల. వెర్నా ఒట్లు పెట్టుకుంది, ఏడ్చింది… ఎవరు వింటారు? మర్నాడే తిరిగి బ్రాల సెక్షనుకి పంపేశారు.

ఏం, సిగ్గేస్తోందా? బ్రాలేరా! మేమందరం అంతకుముందు కుట్టింది అవే. రేపటి ఉపన్యాసంలో మమ్మల్ని “వస్త్ర నిపుణులు” అని రాసుకున్నావట, కొట్టేయ్.

…ఆ, రంగు ఆమెదే. కాదన్నానా?…

డ్వేన్… ఆ సూది వదిలింది నేను.

…నిజమే చెప్తున్నా. నా నీలం సూదులు అయిపోయాయి. వెర్నా భోజనానికెళ్ళింది. ఆమె సూదుల దిండులోంచి మూడు తీసుకుని గుచ్చాను. తిరిగి రెండే తీశాను. అంతే.

ఎందుకు చెప్పలేదంటే… ఇరవై మూడేళ్ళు నాకు. చంద్రుడి సూటు కుడుతున్నానని ఊరంతా గొప్పలు చెప్పుకు తిరుగుతున్నాను. ముందు భయమేసింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత… ప్రతి గురువారం ఆమె ఎదురుగా కూర్చుని పేకాడాను. యాభై ఏళ్ళు.

…చోటు లేదా పలక మీద? నా పేరు గీకెయ్యండి. చెక్కే అతన్ని నేనే అడిగాను, మూడింటికల్లా వస్తాడు. మీరు ఊఁ అంటే తెర విప్పడం నాకు పది నిమిషాల పని. ఊఁ అనకపోతే రేపు మేయర్‌గారి చేతికి తాడే మిగులుతుంది.

ఆమెకా?… లేదు. తెలీదు. నువ్వు నోరు జారకు, నేనే చెప్తాను… రేపు ఈ గోలంతా అయ్యాక—

ఏంటా గుసగుసలు?… ఫోను బల్ల మీద పెట్టావా? అంటే స్పీకర్లో ఉన్నానా ఇంతసేపూ?… ఎవరెవరున్నారక్కడ?…

కుట్టు విప్పడానికి ఎవర్ని పిలిపించావన్నావు?

…ఓరి దరిద్రుడా.

వెర్నా?… ఉన్నావా?…

తిట్టవే. ఏదో ఒకటి అను.

ఏంటీ?… వినపడలేదా? పక్క వీధిలో మొగుడూపెళ్ళాం పోట్లాడుకుంటే వినపడుతుంది నీకు, ఇది వినపడలేదా!

…మళ్ళీ చెప్పాలా? మేయర్ కూడా ఉన్నాడు కదే…

సరే. ఆ సూది వదిలింది నేను.

…గట్టిగానా?

ఆ సూది వదిలింది నేను, వెర్నా! నువ్వు కాదు!

…నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?… ఇంకోసారా?… చెప్తానులే. నువ్వెన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను. ఆ సూది వదిలింది నేను. ఆ సూది వదిలింది నే—

హలో?… వెర్నా?… పెట్టేశావా?…