మధ్యలో మనిషి

గ్రోనింగెన్ నగరంలో ఒక గురువారం మధ్యాహ్నం. నోటరీ ఆఫీసులకు ప్రోగ్రాములు తయారుచేసే కంపెనీలో, ఫోను పట్టుకుని కూర్చున్న ఫోప్పే చెవి అప్పటికే ఎర్రబడింది. అవతల, కాలువ గట్టున కట్టేసిన పడవ ఇంట్లోంచి వుబ్బీనా గారు.

“...అది కాదమ్మా, ‘ఫరవాలేదు, తెరువు’ అనే బటన్ కొత్త వెర్షన్‌లో లేదు. తీసేశాం.”

“ఎందుకు తీసేశారు? బాగా పనిచేస్తోందనా?”

“అందరూ దాన్నే నొక్కుతున్నారని.”

“బటన్ ఉన్నది నొక్కడానికి కాక మొక్కడానికా? పొద్దున్నే అప్‌డేట్ అంది, సరేనన్నాను. ఇది అప్‌డేట్ కాదు బాబూ, ఆప్‌డేట్! ఉన్నదాన్ని కాస్తా ఆపేసింది. నాలుగింటికి నోటరీతో మాటలున్నాయి. మా పడవ ఎవరికి చెందాలో ఇవాళ వీలునామాలో రాయిస్తారు. ఈలోగా ఇది తెరుచుకోకపోతే నా కొంప మునుగుతుంది.”

“మునగనివ్వం లెండి. తెరమీద ఏముందో చదవండి.”

“‘అవతలివారి సర్టిఫికెట్ నమ్మదగినది కాదు.’ మా నోటరీనా నమ్మకూడనిది? ఆయన నవ్వాలన్నా రెండు సాక్షి సంతకాలు అడిగే మనిషి!”

“నోటరీని కాదమ్మా. నోటరీ పేరు చెప్పుకుని ఇంకెవరో వచ్చారంటోంది. పాత వెర్షన్, మీ కంప్యూటర్ ఎవర్ని నమ్మితే వాళ్ళని నమ్మేది. కొత్తది, తను ఎవర్ని నమ్మాలో ఆ జాబితా తనతోనే తెచ్చుకుంటుంది. మీ కంప్యూటర్ మాట వినదు.”

“కొత్త కోడలన్నమాట. పుట్టింటివాళ్ళ మాటే వేదం.”

“అలాగే అనుకోండి. దాని కింద, జారీ చేసినవారు అని ఒక పేరుంటుంది. అది చదవండి.”

“కళ్ళద్దాలు లేవు.”

“ఇప్పుడే కదా పైది చదివారు?”

“పైవి లావు అక్షరాలు. అయినా ఇన్ని అడుగుతున్నావు, నువ్వు ఆ కంపెనీ వాడివేనని నమ్మకమేంటి?”

“మీరే కదమ్మా నాకు ఫోన్ చేసింది!”

“అందుకే అడుగుతున్నా. నేను చేస్తే మాత్రం ఎత్తినవాడు నువ్వే కావాలనేముంది?”

“ఆ ప్రశ్నే ప్రోగ్రాము కూడా అడుగుతోంది. ఆ పేరు చదవండమ్మా.”

“...‘పిండి డబ్బా’.”

“పిండి డబ్బానా?”

“అదే ఉంది.”

“సర్టిఫికెట్లిచ్చే సంస్థల్లో పిండి డబ్బా అనే పేరు నేనెక్కడా వినలేదు.”

“కొత్తగా పెట్టారేమో.”

“అమ్మా, కంగారుపడకుండా వినండి. మీ ఇంట్లో ఎవరో ఒక చిన్న పెట్టె పెట్టారు. నోటరీకి రాసేవన్నీ ముందు దాంట్లోకి పోతున్నాయి. కవరు విప్పి, చదివి, మళ్ళీ అంటించి పంపుతున్నారు. మధ్యలో కూర్చున్న ఆ మనిషి మీ దగ్గర నోటరీలా, నోటరీ దగ్గర మీలా నటిస్తాడు. ‘వీడు మనవాడే’ అని మీ కంప్యూటర్‌కి ఎవరో పరిచయం కూడా చేశారు.”

“అయ్యయ్యో. ఎంత ఘోరం.”

“భయపడకండి.”

“భయపడ్డం లేదే.”

“అదే నాకూ వింతగా ఉంది. ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నేను, హార్మ్, పిల్లి.”

“హార్మ్ అంటే మీ ఆయనా?”

“ఆయనే.”

“నేను అడగకూడదు గానీ, ఆయన ఎలాంటివారు?”

“మాట్లాడని మనిషి. పొద్దున ‘కాఫీ’ అంటాడు, రాత్రి ‘దీపం’ అంటాడు. మధ్యలో ఇంకో మాట పడితే ఆ రోజు మాకు పండగ.”

“నోరు మెదపనివాళ్ళనే అనుమానించాలమ్మా...”

“హార్మ్‌నా? రేడియోలో స్టేషన్ మార్చాలంటే నన్ను కేకేస్తాడు!”

“మరింకెవరు?”

“పిల్లి చదువుకోలేదు బాబూ.”

“సరే, అదెవరో తర్వాత చూద్దాం. ముందు ఆ పెట్టె వెతికి తీగ పీకెయ్యండి. ఆ క్షణమే ప్రోగ్రాము తెరుచుకుంటుంది.”

“తీగ పీకేస్తే నేనెలా చదవను?”

“...ఏమన్నారు?”

“ఏమన్నాను?”

“‘నేనెలా చదవను’ అన్నారు.”

“కళ్ళద్దాలు లేవన్నాగా.”

“అమ్మా! ఆ మధ్యలో మనిషి మీరేనా?”

“మనిషి అనగానే మగవాడే అనుకున్నావుగా ఇంతసేపూ!”

“ఇవన్నీ మీకెవరు నేర్పారు?”

“లైబ్రరీలో పెద్దవాళ్ళకి క్లాసులు పెట్టారు. ఇంటర్నెట్ దొంగల్నుంచి తప్పించుకోవడం ఎలా అని. ముందు దొంగలు ఏం చేస్తారో చూపించారు. తప్పించుకునే క్లాసుకి నేను వెళ్ళలేదు. పెట్టెని పిండి డబ్బాలో దాచాను, పేరడిగితే అదే పెట్టాను.”

“మరి నోటరీకి రాసే ఆ ఖాతా...”

“హార్మ్‌ది. పడవా హార్మ్‌దే. మాకు పెళ్ళి కాలేదు బాబూ. ముప్పై ఏళ్ళుగా కలిసే ఉన్నాం, ఆ మాట ఎత్తడానికి మాత్రం ఇద్దరికీ మొహమాటం. కాగితం మీద నేనూ పిల్లీ ఒకటే. రేపు ఆయనకేమన్నా అయితే ఎవరో వచ్చి దిగమంటారు, నేను సంచీ పట్టుకుని గట్టెక్కాలి. ఆ గట్టెక్కడం వేరు, ఈ గట్టెక్కడం వేరు.”

“నేరుగా ఆయన్నే అడగొచ్చు కదమ్మా?”

“అడిగితే ‘కాఫీ’ అంటాడు. నోటరీకి మాత్రం పేజీలు పేజీలు రాస్తాడు. ‘ఆమె మెట్లు దిగి వస్తుంటే పడవ నావైపు ఒరుగుతుంది’ అని రాశాడు. వీలునామాలో! ‘పేరు చెప్పండి, నమోదు చేస్తాను’ అంటాడు నోటరీ. ‘వచ్చే గురువారం’ అంటాడు ఈయన. వారం వారం ఇదే వరస. ఎవరు బాబూ ఆ ‘ఆమె’? ఇంట్లో మాటకి కరువైనవాడు ఇంత కవి ఎవరి కోసం అయ్యాడు? ఇవాళ పేరు చెప్తానన్నాడు. నేనది చదివి తీరాలి.”

“నాకు బాధగానే ఉందమ్మా. కానీ పాత వెర్షన్ ఇవ్వలేను. పైగా ఇలాంటిది తెలిస్తే ఖాతాదారుకి చెప్పాలని మాకు నియమం.”

“చెప్పావంటే ఈ ఫోన్లోంచే వచ్చి నీ చెవి పట్టుకుంటాను.”

“ఇప్పుడు ఆయనెక్కడున్నారు?”

“పైన తాళ్ళు బిగిస్తు... అమ్మో, దిగుతున్నాడు. నువ్వు కరెంటు ఆఫీసువాడివి, సరేనా?”

“నేనా? ఎందుకూ?”

“వుబ్బీనా. ఆ ఫోనిలా ఇవ్వు.”

“కరెంటువాళ్ళు హార్మ్, నీకెందుకు...”

“ఇలా ఇవ్వు. హలో, నేను హార్మ్‌ని.”

“అయ్యా, మీకో సంగతి చెప్పాలి. చెప్పక తప్పదు. నోటరీకి మీరు రాసేవన్నీ మీ ఇంట్లోనే ఒకరు...”

“తెలుసు.”

“తెలుసా!”

“ఏడాదిగా తెలుసు.”

“మరి ఆ పెట్టె తీసి పారెయ్యలేదేం?”

“పారేస్తే ఆవిడకెలా తెలుస్తుంది? నోటరీకైతే ఒక్క ముక్క చాలు. మిగతా పేజీలన్నీ ఎవరికనుకున్నావ్?”

“అయ్యా, ఆవిడ అక్కడే ఉన్నట్టున్నారు...”

“పక్కనే ఉంది. అందుకే నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. అప్‌డేట్ గోల పైదాకా వినబడింది, ఒక్క గంటకి ఆ పాత వెర్షన్ ఇప్పించవయ్యా. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఇవాళ అడగాలి, ఎదురుగా నిలబడి అడగడం నా వల్ల కాదు.”