మంచు వార్తకు అండగా నిలిచిన ఫిలొమీనా నోస్‌వర్తీ గారు

శ్రీమతి ఫిలొమీనా నోస్‌వర్తీ గారు 1994వ సంవత్సరం మే రెండవ తేదీ, సోమవారం నాడు, సెయింట్ జాన్స్ రేవుకు ఎదురుగా ఉన్న మన సముద్ర హిమ సమాచార కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరుగా ప్రవేశించారు. ఆనాడు రేవులో మంచుపలకలు పేరుకుపోయి ఒక్క పడవా కదలలేదనీ, తాను మాత్రం వేళకే వచ్చాననీ ఆమె ఇప్పటికీ చెబుతూ ఉంటారు.

ఆ రోజుల్లో మన యంత్రాలలో కొత్త ప్రోగ్రామును నెలకొల్పడం పెద్ద ప్రయాస. మూలరూపంలో, అంటే సోర్స్ కోడ్‌గా, వచ్చినదాన్ని ఇక్కడే కూర్చుకోవలసి వచ్చేది; అది పనిచేయాలంటే మరొకటి కావాలనేది, ఆ మరొకటి ఇంకొకదాన్ని అడిగేది; తీరా అన్నీ సమకూరాక, పక్క గదిలోని శాస్త్రజ్ఞుని ప్రోగ్రాము ఆగిపోయేది. 1999లో ఫిలొమీనా గారు అధికారులను ఒప్పించి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రవేశపెట్టారు. దానితోపాటు వచ్చిన ప్యాకేజీ మేనేజరు ఆమెకు కుడిభుజమైంది. ప్రోగ్రాము పేరు చెబితే చాలు, నెట్‌వర్క్ మీది భాండాగారం నుంచి దాన్నీ, దానికి ఆధారమైన వాటన్నిటినీ తెచ్చి, నకిలీవి కావని ముద్ర సరిచూసి, వరుస తప్పకుండా అమర్చి, దేనికి దేనితో పొసగదో ముందే హెచ్చరించే సాధనం అది. “అన్నీ ఒక్క కొట్లో దొరుకుతుంటే, ఉప్పుకో ఊరు, పిండికో ఊరు తిరగడం ఎందుకండీ?” అన్నది ఆనాడు ఆమె చేసిన ఏకైక వాదన.

ఇంతటి సాధనాన్ని తెచ్చిన చేతితోనే ఆమె ఒకసారి కేంద్రాన్ని స్తంభింపజేశారు. ఆ ఉదంతాన్ని తప్పక రాయాలని ఆమే కోరారు గనుక రాస్తున్నాము.

2006 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, పటాలు గీసే ప్రోగ్రాము కొత్త రూపాన్ని ప్రధాన యంత్రంలో పెట్టబోయారు. ఇది చేస్తే యంత్రానికి అత్యవసరమైన భాగాలు కూడా తొలగిపోతాయనీ, నిజంగా కావాలంటే ఫలానా వాక్యం పూర్తిగా టైపు చేయాలనీ ప్యాకేజీ మేనేజరు అడిగింది. ఆమె టైపు చేశారు. తెర నిశ్చలమైంది. నాలుగు గంటలకు పడవలకు మంచు పటం వెళ్ళాలి.

మంచు పరిశీలకులు, కీర్తిశేషులు సిరిల్ పెన్నీ గారు తలుపు దగ్గర నిలబడి చూశారు.

“ఏంటమ్మాయ్, కొంప మునిగిందా?”

“నేనే ముంచాను సిరిల్. నిజంగా చెయ్యమంటావా అని అడిగింది. చెయ్యమన్నాను.”

“అడిగినప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

“చదవకుండా టైపు చేస్తున్నాను.”

అప్పటి పై అధికారి నిన్నటి పటమే పంపించి, రేపు సవరిద్దామన్నారు. ఫిలొమీనా గారి అన్నగారు ఆంబ్రోజ్ ఆనాడు పీతల వేటకు ఉత్తరపు అఖాతంలో ఉన్నారు. రాత్రి నుంచే గాలి ఈశాన్యం నుంచి వీస్తూ మంచును తీరం వైపు నెడుతున్న సంగతి ఆమెకు తెలుసు.

“నిన్నటి మంచు నిన్నటిదండీ,” అన్నారామె. “అది చూసుకుని పోయేవాళ్ళకు ఇవాళ్టిది ఎదురొస్తుంది. నా తప్పు నా పేరు మీదే వెళ్ళనివ్వండి.”

ఉపగ్రహ చిత్రాలు మరొక యంత్రంలో భద్రంగా ఉన్నాయి. సిరిల్ గారు వాటిని చూస్తూ పెన్సిలుతో మంచు అంచును కాగితం మీద గీశారు. ఆమె అక్షాంశ రేఖాంశాలను ఒక్కొక్కటిగా రెండుసార్లు రేడియోలో చదివి, నేడు పటం రాకపోవడానికి కారణం తన పొరపాటేనని చెప్పి ముగించారు. కాసేపటికి రేడియోలో ఆంబ్రోజ్ గారి గొంతు వినిపించింది.

“ఏమే ఫిలో, యంత్రాన్ని చంపేశావటగా?”

“అన్నయ్యా, ఎక్కడున్నావ్?”

“వెనక్కి తిరిగాం. ఇంకాస్త ముందుకెళ్తే పడవను మంచులో సీల్ జంతువులకు వదిలేసి నడుచుకుంటూ వచ్చేవాళ్ళం. నీ గొంతు మాత్రం చర్చిలో పాడినప్పటికంటే నయంగా ఉంది.”

ఆమె మైకు పక్కన పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. సిరిల్ గారు టీ పెట్టడానికి వెళ్ళారు. మరునాడు మధ్యాహ్నానికి, తొలగిపోయిన భాగాలన్నీ అదే ప్యాకేజీ మేనేజరు సాయంతో తిరిగి యథాస్థానాలకు చేరాయి.

ఆ తరువాత ఆమె రెండు నియమాలు పెట్టారు. ఏ మార్పునైనా ముందు విడి యంత్రంలో పరీక్షించాలి. ప్రధాన యంత్రంలో మీట నొక్కే ముందు తెర మీది ప్రతి వాక్యాన్నీ పక్కనున్నవారికి పైకి చదివి వినిపించాలి. కొత్తగా చేరినవారు దీన్ని ప్రార్థన అని వేళాకోళం చేసేవారు. కాని మానినవారు లేరు. 2011లో వ్యవస్థల విభాగాధిపతి అయ్యాక, మంచు గమనాన్ని లెక్కించే మన ప్రోగ్రాములను సైతం ప్యాకేజీలుగా కూర్చి, కేంద్రానికే సొంత భాండాగారం నెలకొల్పారు. లాబ్రడార్ తీరపు చిన్న రేవు కార్యాలయాలు ఒక్క ఆజ్ఞతో వాటిని తెచ్చుకుంటున్నాయంటే అది ఆమె చలవే. నూతిలో కప్పలా ఉన్న చోటనే ఉండక, ఇతర దేశాల ప్యాకేజీ నిర్వాహకులతో కలిసి పనిచేసి, మన సవరణలను అందరికీ ఉచితంగా అందించారు.

గత శుక్రవారం ఆమె సెలవులో ఉండగా, మొదటిసారి ఆమె లేకుండానే ప్రధాన యంత్రంలోని ప్యాకేజీలన్నిటినీ నవీకరించాము. పటం వేళకే వెళ్ళింది. సోమవారం ఆమె రాగానే అడిగిన మొదటి ప్రశ్న, “పటం రాలేదని ఎవరైనా ఫోను చేశారా?” అని. ఎవరూ చేయలేదన్నాము. “ఒక్కళ్ళు కూడానా?” అని మళ్ళీ అడిగి, కిటికీలోంచి రేవు వైపు కాసేపు చూసి, “అయితే సరే,” అని కోటు విప్పకుండానే కూర్చున్నారు.

ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న ఫిలొమీనా గారు భర్త గోర్డన్ గారితో కలిసి ట్విలింగేట్‌లోని తమ ఇంట, ఆగస్టులో చిత్తడి నేలలమీద బేకాపిల్ పళ్ళు ఏరుకుంటూ, ఏ గంటకూ కట్టుబడని ఉదయాలతో, సంపూర్ణ ఆరోగ్యంతో, మంచు కరిగే వసంతాలు ఇంకా ఎన్నెన్నో చూడాలని కేంద్ర సిబ్బంది అందరమూ మనసారా ఆకాంక్షిస్తున్నాము.