రంగు పట్టలేదు

ఆసుపత్రి వరండాలో ఆడపడుచు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. వదిన బెంచీ మీద కూర్చుంది.

“మళ్లీ ఏం చూస్తున్నారు వదినా?”

“నీ గర్భసంచి ముఖద్వారం దగ్గర తీసిన ముక్కలో కణాలు అనుమానంగా ఉన్నాయట. ఏదో ప్రోటీన్ ఉందేమోనని రంగు వేసి చూస్తున్నారు. రంగు పడితే, క్యాన్సర్‌కి దారితీసే కణాలని అర్థమట.”

“పాతికేళ్లకే వస్తుందా?”

“రాలేదనే అనుకుందాం. కూర్చోవే, నాకు కళ్లు తిరుగుతున్నాయి.”

ఇంతలో డాక్టరమ్మ పిలిచింది. లోపలికి వెళ్లిన ఆడపడుచు పరుగున వచ్చింది.

“రంగు పట్టలేదు వదినా! వట్టి వాపేనట! ఇంటికి పోదాం పద.”

వదిన లేవలేదు.

“ఏమైంది?”

“నీకు కనిపించినట్టే నాకూ నెల మధ్యలో రక్తం కనిపిస్తోంది.”

“అన్నయ్యకి చెప్పావా?”

“ముందు నీ సంగతి తేలనీ అనుకున్నా.”

ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుంది.

“లే వదినా. డాక్టరమ్మ ఇంకా గదిలోనే ఉంది.”