లన్సానా తల్లి ఫోన్

సౌదీలోని రాబిగ్ లేబర్ క్యాంపులో ఒకే గదివాళ్ళు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. మూడో మంచం లన్సానాది. సియెర్రా లియోన్ నుంచి వచ్చిన అతను మొన్న గుండెపోటుతో పోయాడు.

"వాళ్ళమ్మ ఫోన్ చేస్తే ఏం మాట్లాడినవ్, తమ్మీ?"

"ఎట్లున్నవమ్మా అన్న."

"కొడుకు పోయిన ఖబర్ విన్న తల్లిని అట్లడుగుతరా?"

"ఆమెకు మెండే భాష తప్ప రాదన్నా. నాకు అండ్ల లన్సానా నేర్పిన పలకరింపు ఒక్కటే వచ్చు."

"ఏమన్నది మరి?"

"'దేవుని మీద తప్పు లేదు' అన్నది. ఎట్లున్నవంటే వాళ్ళందరి జవాబు అదేనట."

"ఏడ్వలేదా?"

"లేదు. నువ్వెట్లున్నవని నన్నే అడిగింది."

"నువ్వూ అదే అనాలె గద."

"అనాలె. రోజూ పొద్దున వానితోని అన్న మాటనే. నోరు రాలేదన్నా. ఆమె ఫోన్ పెట్టెయ్యక నా జవాబు కోసం ఆగింది."