హల్వార్ దిగొచ్చిన తూర్పు వాలు

హల్వార్ గొంతులో వేడి కాఫీ పడిందంటే చాలు, నార్వే కొండలన్నీ తలో పది మూరలు పెరుగుతాయి. టూరాకి ఆ సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ ఆ పొద్దున కొండగుడిసెలో అతని మాటని నవ్వి వదిలేయడానికి వీల్లేదు. గుడిసె వెనకే తూర్పు వాలు. రాత్రంతా దాని మీద కొత్త మంచు పడింది. అది నిలుస్తుందో, జారిపడి మనుషుల్ని మింగుతుందో చూసొస్తానని తెల్లారకముందే వెళ్లింది హల్వారే. సింద్రె అప్పుడే ఒక బూటు తొడిగేసుకున్నాడు.

"వాలు నిక్షేపంలా ఉంది," అన్నాడు హల్వార్ పొయ్యికి వీపు ఆనించి. "శిఖరం మీంచి ఊరికే నాలుగు మలుపులు తిప్పి చూద్దామనుకున్నానా, కాళ్లకి కట్టిన స్కీలు ఆగితేగా! గాలికి టోపీ ఎగిరి వెనకబడిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"టోపీ బతికిపోయింది," అన్నాడు సింద్రె.

"ఆగరా! ఎదురుగా రెయిన్‌డీర్ల మంద. ఆగలేను, తప్పుకోలేను. ఎగిరాను! ఒకటా రెండా, నలభై! గాల్లో ఉండగానే జేబులోంచి రొట్టె తీసి, జున్ను కోసి పెట్టుకుని, తినేసి, చేతులు కూడా దులుపుకున్నాను. నేను గుమ్మం ముందు దిగాక ఎప్పటికో ఆ టోపీ వచ్చి నెత్తిన వాలింది. నా నీడయితే ఇంకా దారిలోనే ఉంది!"

సింద్రె పగలబడి నవ్వుతూ రెండో బూటు అందుకున్నాడు. "అంతలా జారావంటే మంచు గట్టిదే. పద టూరా, చలికాలం పొద్దు, మూడింటికల్లా చీకటి పడిపోతుంది."

టూరా కదల్లేదు. రెయిన్‌డీర్లు కోత, సరే. మరి వాలో? కిటికీలోంచి చూసింది. గుమ్మం పక్కన మంచులో గుచ్చి ఉన్నాయి హల్వార్ స్కీలు. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా అడుగున అంటించుకునే బొచ్చు పట్టీలు వాటికి ఇంకా అలాగే ఉన్నాయి. అవి పీకకుండా దిగడమంటే కాళ్లకి జిగురు రాసుకుని పరుగుపందేనికి పోవడమే.

"హల్వార్, నలభై రెయిన్‌డీర్ల మీంచి ఎగిరావన్నావు, నమ్మేస్తాను. పట్టీలు పీకకుండానే ఎగిరావా?"

సింద్రె చేయి బూటు మీదే ఆగిపోయింది. హల్వార్ కప్పు కింద పెట్టేశాడు.

"శిఖరం దాకా పోలేదు," అన్నాడు మెల్లగా. "వాలు అంచున కాలు పెట్టగానే కింద మంచంతా 'హుమ్' అని కుంగింది. నా స్కీల ముందునుంచి పగులు పాకుతూ పోయింది. పట్టీలు కూడా తీయకుండా, ఎక్కిన అడుగుల్లోనే వెనక్కి నడిచొచ్చాను. భయపడ్డానని మీతో చెప్పడానికి..."

ఎవరూ నవ్వలేదు. సింద్రె తొడిగిన బూటు విప్పి మూలకి నెట్టాడు. టూరా లేచి హల్వార్ కప్పు నిండా కాఫీ పోసింది.

ఒక గుక్క దిగింది. రెండో గుక్కకి హల్వార్ మెడ నిటారుగా లేచింది.

"ఆ పగులు ఎంత పొడవనుకున్నారు? స్వీడన్ దాకా..."

"కోసుకో బాబూ," అంది టూరా, సింద్రె బూట్లు రెండూ తీసి మంచం కింద దాచేస్తూ. "ఇవాళ దీన్ని ఎంత పొడుగ్గా కోసినా నమ్ముతాం."