మంచుని రంపంతో కోసిన మేస్త్రి

స్టూడియో గేటు ఎదురుగా టీ కొట్టులో కూర్చునే వడ్రంగి మేస్త్రికి వచ్చినవి రెండే కోతలు. ఒకటి రంపంతో కోసేది, రెండోది నోటితో కోసేది. స్టూడియో మూతబడి, అందులో ఎవరో ఫ్రిజ్జుల గోడౌను పెట్టుకున్నాక మొదటిదానికి పని లేకుండా పోయింది. ఇక రెండోదాని మీదే కాలక్షేపం. అందరూ ఆయన్ని కోతల మేస్త్రి అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే అనేవాళ్ళు. ఆయన పలికేవాడు.

ఈ సంగతులేవీ తండ్రిని వెంటబెట్టుకుని అక్కడికొచ్చిన ఒకావిడకి తెలీవు. ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. తండ్రికి కాళ్ళు వణుకుతున్నాయని, చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ ఆ కొట్టు రేకుల కిందికి వచ్చింది, అంతే.

ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సెలవు పెట్టి వచ్చింది. తండ్రి ఒకప్పుడు పేరుమోసిన డైరెక్టరు. ఆయన తీసిన పడవ సినిమా గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు, సినిమా చదువుకునే పిల్లలకి పాఠంగా కూడా చెబుతారు. ఆ సినిమా ఎలా తీశారో డాక్యుమెంటరీ చేస్తానని ఒకమ్మాయి కొన్నాళ్ళుగా వాళ్ళింటి చుట్టూ తిరుగుతోంది. తిరగ్గా తిరగ్గా ఆ అమ్మాయికి అర్థమైందేమిటంటే, ఆ సినిమా గురించి అందరికీ తెలుసు, తీసినాయనకి తప్ప. మతిమరుపు ఆయన్ని లోపల్నుంచి చెద తిన్నట్టు తినేసింది. ముందు కూతురి పేరు పోయింది. తర్వాత కూతురుందన్న సంగతే పోయింది. ఇప్పుడావిడ ఆయనకి నర్సు. "నర్సమ్మా, కాసిని మంచినీళ్ళు" అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఆవిడ నర్సులాగే తెచ్చిస్తుంది.

పాత స్టూడియో చూపిస్తే ఏమైనా గుర్తొస్తుందేమోనని అమ్మాయి ఆశ. పొద్దున ఆయన్ని గోడౌనులో అట్టపెట్టెల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాలరుకి మైకు తగిలించారు. "సార్, మీ మొదటి షాట్ ఇక్కడే కదా తీశారు?" అని అమ్మాయి అడిగింది. ఆయన నాలుగు పక్కలా చూసి, "డాక్టరు గారు ఇంకా రాలేదా?" అన్నాడు. కెమెరా కుర్రాడు తల తిప్పుకున్నాడు. అమ్మాయి మళ్ళీ అడిగింది, ఇంకోలా అడిగింది, పాత ఫోటోలు చూపించి అడిగింది. చివరికి ఆయన మైకుని చొక్కా గుండీ అనుకుని పెట్టుకోబోతుంటే ఆవిడే లేచి, "ఇక చాలమ్మా" అంది.

షూటింగుకి అదే ఆఖరి రోజు.

కొట్టులో టీ కాచే ఆయన, లోడు కోసం చూస్తున్న ఒక లారీ డ్రైవరు, మూలబల్ల మీద మేస్త్రి ఉన్నారు. వాళ్ళ వెనకే వచ్చిన కెమెరాని చూడగానే మేస్త్రి నిటారుగా కూర్చున్నాడు.

"ఏం సినిమా అమ్మా?"

"సినిమా కాదు తాతగారూ, డాక్యుమెంటరీ. పడవ సినిమా గురించి."

టీ కాచే ఆయన గరిటె దించేశాడు. "ఎంత పని చేశారమ్మా! ఇంక ఈ వాన వెలిసినా ఈయన వెలవడు."

అమ్మాయి నీరసంగా నవ్వి, ఖాళీ చేతుల్తో వెళ్ళడం కంటే నయమనుకుందో ఏమో, కెమెరా కుర్రాడికి సైగ చేసింది. ఆవిడ తండ్రిని బల్ల మీద కూర్చోబెట్టి మెడకి మఫ్లరు సర్దింది. సగానికి సగం చిక్కిపోయిన ఆ ముసలాయన ఎవరో మేస్త్రి అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు.

"ముందే చెబుతున్నానమ్మా, నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. గొప్పలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. నేను చేసిందల్లా ఆ పడవకి ఒక తెడ్డు చెక్కడం. ఒక్క తెడ్డు. రాసుకోండి."

"ఇంతేనా?" అన్నాడు లారీ డ్రైవరు, మోసపోయినట్టు.

"అంతే. తెడ్డు ఇచ్చేసి ఇంటికెళ్ళి పడుకుందామనుకున్నా. వెళ్ళనిస్తేగా! పడవ నీళ్ళలోకి దింపారో లేదో అడుగున చిల్లు పడింది. హీరోయిన్ అప్పటికే ఎక్కి కూర్చుంది, దింపితే బట్టలు తడుస్తాయి, తడిస్తే నిన్నటి షాటుకీ ఇవాళ్టి షాటుకీ పొంతన కుదరదు, యూనిట్టంతా నెత్తిన చేతులు పెట్టుకుంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? దూకా. నీళ్ళలో మునిగి, చిల్లుకి నా వీపు ఆనించి, పడవని భుజాల మీదికెత్తుకుని నడిచా. కావాలంటే సినిమా మళ్ళీ చూడండి, ఆ పడవ ఊగదు. నీళ్ళ మీద పోతున్నట్టుండదు, నేల మీద నడుస్తున్నట్టుంటుంది. ఎందుకంటే నేల మీదే నడిచింది, నా కాళ్ళతో!"

"మరి ఊపిరో?"

"ఊపిరేమిటయ్యా! ఆ రోజుల్లో మాకు ఊపిరి పీల్చుకునే తీరికెక్కడిది?"

డ్రైవరు పొలమారి టీ ఒలకబోసుకున్నాడు. అమ్మాయి మొహంలో కూడా పొద్దుట్నుంచి లేని వెలుగు కొంచెం కనిపించింది. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. తండ్రి ఫ్లాస్కులో నీళ్ళు అయిపోయాయేమో చూసుకుంటోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు! డైరెక్టరు గారికి మంచు కావాలి. పడవ మంచులో కలిసిపోవాలిట. పొగ పెడితే గాలి ఎత్తుకుపోతోంది. నేను మా షెడ్డులో రంపపు పొట్టంతా బస్తాలకెత్తి, తడిపి, ఒడ్డు పొడుగునా రాజేశా. అబ్బ, ఏం మంచమ్మా అది! కాస్త ఎక్కువైంది. ఊళ్ళోకి పాకింది. ఒకాయన ఆఫీసు నుంచి వస్తూ దారి తెలీక వేరేవాళ్ళింటికి పోయి, అన్నం తిని, ఆ ఇంటి పిల్లలకి లెక్కలు చెప్పి, పడుకుని, తెల్లారి లేచి చూసుకుంటే పెళ్ళాం వేరు!"

"ఆవిడేమందో?"

"మా ఆయనకంటే లెక్కలు బాగా చెప్పాడంది. అది వదిలెయ్. ఇక్కడ కెమెరాకి ఏమీ కనిపించట్లేదు. పడవ లేదు, మనిషి లేదు, తెల్లగా గోడ కట్టినట్టుంది. కెమెరామెన్ ఏడుస్తున్నాడు. నేను రంపం తీశా. మంచుని కోశా. పలకలు పలకలుగా కోసి, కెమెరాకి అడ్డు లేకుండా పక్కన పేర్చా. దూగోడా కూడా పట్టించి నున్నగా చేశా, అంచులు గరుగ్గా ఉంటే తెర మీద తెలిసిపోతుందని. మిగిలిన పలకలు రెండు ఇంటికి తెచ్చుకుని మంచం కింద పెట్టుకున్నా. ఆ ఏడాది వేసవంతా మా ఇంట్లో ఫ్యాను తిరగలేదు."

అప్పుడు వినిపించింది ఆవిడకి. పక్కనుంచి, పాత తలుపు బందు కదిలినట్టు, కిర్రుమని చిన్న నవ్వు. తండ్రి నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తు లేదు. చేతిలోని ఫ్లాస్కు అలాగే పట్టుకుని ఉండిపోయింది. అమ్మాయి కెమెరా కుర్రాడి మోచేతిని పట్టుకుని, మెల్లగా ఇటు తిప్పింది.

శ్రోతలు పెరిగారనుకున్నాడు మేస్త్రి. గొంతు పెంచాడు.

"ఇక సూర్యుడు! పొద్దుటి ఎండలో తియ్యాలి, ఆయనేమో గబగబా పైకొచ్చేస్తున్నాడు. నిచ్చెన తెప్పించా, ఎక్కా, ఇంత చెక్కముక్క కింద దోపి బిగించా. ఇక కదిలితేగా! పడమటి వైపు ఊళ్ళలో తెల్లారక జనం గగ్గోలు, కోళ్ళకి గొంతులు పోయాయి, పాలవాళ్ళు..."

"సూర్యుడు లేడు."

అందరూ అటు చూశారు. ముసలాయన టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. గొంతు ఆయనదే, కానీ ఇంట్లో వినిపించే ఆ మర్యాద గొంతు కాదు.

"ఆ రోజు మబ్బు. ఎండ లేదు."

మేస్త్రికి కోపమొచ్చింది. ఆయన కోతకి నవ్వినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు గానీ, వాతావరణం దగ్గర తప్పుపట్టినవాడు లేడు. "మీకెలా తెలుసు పెద్దాయనా? మీరక్కడున్నారా?"

"ఉన్నా."

"ఏం చేసేవారేమిటి?"

ముసలాయన ఆలోచించాడు. ఏదో చేతికి అందినట్టే అంది జారిపోయింది. చుట్టూ చూసి, ఎవరూ సాయం చెయ్యకపోయేసరికి, "చలిగా ఉండింది" అన్నాడు.

అమ్మాయి ఒక అడుగు ముందుకేసింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అడిగితే మూసుకుపోతాడని ఆవిడకి తెలుసు. ప్రశ్న వేస్తే చాలు, తలుపు గడియ పడుతుంది. "మీరు చెప్పండి మేస్త్రి గారూ" అంది. "తర్వాత ఏమైంది?"

అలా అడిగించుకోవడం మేస్త్రికి ఈ మధ్య అలవాటు తప్పింది. బల్ల అంచు దాకా ముందుకి జరిగాడు.

"తర్వాత ముగింపమ్మా. అసలు సంగతి అదీ. ఆ పడవలో ఆ మనిషి వెళ్ళిపోతుంది చూడండి, ఒక్కసారైనా వెనక్కి తిరగదు. ఆడవాళ్ళు హాల్లో కూర్చుని, తిరుగు తల్లీ, ఒక్కసారి తిరుగు తల్లీ అని ఏడ్చేవాళ్ళు. తిరగదు. అందుకే ఆ సినిమా సినిమా అయింది."

ఆవిడ తల దించుకుంది. ఆ ముగింపు ఆవిడ ఎప్పుడూ చివరిదాకా చూడలేదు. ఆ పడవలో కూర్చున్న మనిషి ఆవిడ తల్లి. ఆ ఒక్క సినిమాలోనే నటించింది. అది విడుదలైన ఏడాదే ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో తండ్రి చెప్పలేదు. దూరంగా ఏదో ఊళ్ళో పోయిందని చాన్నాళ్ళకి కబురొచ్చింది. పెంచిన నాయనమ్మ మాత్రం కోపమొచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేది: "సినిమాలో ఎలా పోయిందో కొంపలోంచీ అలాగే పోయింది మహాతల్లి, కన్నపిల్ల ఉందని కూడా వెనక్కి చూడకుండా." వినీ వినీ ఆ షాటూ తన బతుకూ ఒకటే అయిపోయాయి. తల్లి అనగానే ఆవిడకి మొహం గుర్తుకు రాదు, వీపు గుర్తొస్తుంది. ఈ డాక్యుమెంటరీకి ఒప్పుకున్నది కూడా, తనకి చెప్పనిది కెమెరాకైనా చెబుతాడేమోననే.

"అంతా సిద్ధం," మేస్త్రి అందుకున్నాడు. "పడవ సిద్ధం, మంచు సిద్ధం, సూర్యుణ్ణి బిగించి పెట్టా. అప్పుడు డైరెక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, మేస్త్రీ, నాకు ముగింపు తోచట్లేదు, ఆ మనిషి వెనక్కి తిరగాలా వద్దా అన్నారు. అంత పెద్దాయన, చిన్నపిల్లాడిలా నా భుజం మీద తలపెట్టి ఏడ్చారు. నా చొక్కా తడిసి, కారి, నది ఒక జానెడు పెరిగింది. నేనన్నా, సార్, తిరగనివ్వకండి. తిరిగితే అది మామూలు ఆడమనిషి, తిరక్కపోతే చరిత్ర. ఆయన నన్ను కావలించుకుని, ఈ సినిమా నీదయ్యా అన్నారు. అదమ్మా. ఆ మనిషి తిరక్కపోవడం ఉంది చూశారూ, అది నా మాట. నా ఒక్కడి..."

"కోతలు."

ముసలాయన లేచి నిలబడ్డాడు. వేలు మేస్త్రి వైపు చూపించాడు.

"కోతలు కొయ్యకు. తిరిగింది."

స్టవ్ మీద టీ పొంగి మంట మీద పడింది, ఎవరూ పట్టించుకోలేదు.

"పడవ మధ్యదాకా వెళ్ళింది. ఒడ్డున పిల్ల అమ్మా అని ఏడ్చింది. దాంతో తిరిగింది. తిరగొద్దని అరిచా. వినలేదు. పిల్ల వైపే చూస్తూ కూర్చుంది, పడవ మంచులోకి పోయేదాకా. రీలులో మొత్తం ఉంది." చేతిని కత్తెరలా ఆడించాడు. "తిరగక ముందు దాకానే ఉంచాను. మిగిలింది తీసేశాను. షాట్ అదీ."

ఆ గొంతుకి మేస్త్రి బల్ల మీంచి లేచాడు. మఫ్లరులోని ఆ మొహాన్ని ఇప్పుడు సరిగ్గా చూశాడు. ఆయన పెదాలు "సార్" అన్నట్టు కదిలాయి.

ఆవిడకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. ఆ షాటు కత్తిరించిన చెయ్యి పొద్దున తను అన్నం కలిపి తినిపించిన మనిషిది. తల్లి తిరిగింది. తిరిగి చూస్తూ కూర్చుంది. ఆమె చూసిన ఆ పిల్ల ఇక్కడ, ఈ రేకుల కింద, తల నెరిసి నిలబడి ఉంది.

ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "ఏ పిల్ల నాన్నా?" అంది. "ఒడ్డున ఏడ్చింది ఏ పిల్ల?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, వెతుకుతున్నట్టే చూశాడు. తర్వాత చూపు మెల్లగా చెదిరింది, గొంతు మళ్ళీ ఆ మర్యాద గొంతయిపోయింది.

"ఎవరి పిల్లో పాపం నర్సమ్మా," అన్నాడు. "మేమందరం షాటులో ఉన్నాం. ఎవరూ ఎత్తుకోలేదు."

కూర్చుని, టీ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. అమ్మాయి మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. కెమెరా తిరుగుతూనే ఉంది.

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. అంతసేపూ విన్నది, అందరిలాగే ఏదీ నమ్మకుండా విన్నది. ఇప్పుడు నమ్మడానికి సిద్ధంగా నిలబడింది. ఆ పిల్లని ఎత్తుకుంది నేనేనమ్మా, భుజాన వేసుకుని ఊరుకోబెట్టాను, నా చొక్కా పట్టుకుని నిద్రపోయింది అని ఆయన ఒక్క మాట అంటే చాలు. ఇంకేమీ అడగదు.

మేస్త్రి నోరు తెరిచాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఆ ఒక్క కోత కొయ్యలేక నోరు మూసేశాడు.